టెక్ మంత్రి కావాలంటే చేతిలో ఏ పాస్‌పోర్టు ఉండాలి?

గుంటూరు లోక్‌సభ స్థానానికి ఒక విశేషం ఉంది. 2014 నుంచి వరుసగా మూడు ఎన్నికల్లో అక్కడ గెలిచింది అమెరికా అనుభవం ఉన్న వ్యాపారవేత్తలే. మొదటి రెండుసార్లు గల్లా జయదేవ్. చిన్నప్పుడే తల్లిదండ్రులతో అమెరికా వెళ్లి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదివి, తిరిగొచ్చి అమరరాజా బ్యాటరీల వ్యాపారం చూసుకున్నారు. 2024లో ఆయన రాజకీయాల నుంచి తప్పుకుంటే ఆ టికెట్ డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్‌కు వచ్చింది. గెలిచిన కొద్ది రోజులకే, జూన్ 9న, ఆయన కేంద్రంలో సహాయ మంత్రిగా ప్రమాణం చేశారు. ఇచ్చిన శాఖలు రెండు: గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్లు.

రెండో శాఖ గురించే ఈ వ్యాసం. ఇక్కడ కార్క్ చుట్టుపక్కల తెలుగువాళ్లం కలిసినప్పుడు ఆయన పేరు వస్తే మాట తప్పకుండా రెండు ప్రశ్నల దగ్గరికి చేరుతుంది. సాఫ్ట్‌వేర్ తెలిసినవాడు మంత్రి అయితే నిజంగా ఏమైనా మారుతుందా? మనలో ఎవరైనా, లేదా మన పిల్లలెవరైనా, ఆ దారిలో వెళ్లాలంటే వీలుందా? మొదటిదానికి అందరి దగ్గరా అభిప్రాయం ఉంటుంది. రెండోదానికి సమాధానం చట్టంలో ఉంది, కానీ అది తెలిసినవాళ్లు తక్కువ. ఐరిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే ముందు తెలుసుకోవలసిన విషయం కాబట్టి రెండూ కలిపి రాస్తున్నాను.

పెమ్మసాని కంప్యూటర్ సైంటిస్టు కాదు, వైద్యుడు. తెనాలి దగ్గర బుర్రిపాలెంలో 1976లో పుట్టారు. నటుడు కృష్ణ ఊరు కూడా అదే. హైదరాబాద్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేసి, అమెరికాలో పెన్సిల్వేనియాలోని గైసింజర్ ఆసుపత్రిలో ఇంటర్నల్ మెడిసిన్ పూర్తిచేశారు. అక్కడ వైద్యుడిగా పనిచేయాలంటే యూఎస్ఎమ్ఎల్ఈ అనే లైసెన్సు పరీక్షలు గట్టెక్కాలి. ఆ పరీక్షకు తాను చదువుకుంటూ రాసుకున్న ప్రశ్నలు, వాటి వివరణల నుంచే యూవరల్డ్ అనే ఆన్‌లైన్ ప్రశ్నల బ్యాంకు పుట్టింది. మొదలైంది 2003లో. ఇప్పుడు దాని కేంద్రం డాలస్ ప్రాంతంలో ఉంది. నర్సింగ్, అకౌంటింగ్, ఎస్ఏటీ లాంటి పరీక్షలకూ విస్తరించింది. మన ఇళ్లలో మెడిసిన్ చదివే పిల్లలుంటే ఆ పేరు వాళ్లను అడగండి, నా వివరణ అక్కర్లేదు.

యూవరల్డ్ గొప్పతనం కోడ్‌లో కంటే వివరణల్లో ఉంది. తప్పు జవాబు ఎందుకు తప్పో, ఒక్కో ఎంపికకూ విడివిడిగా చెప్పడం దాని పద్ధతి. టెక్నాలజీ కంపెనీ అంటున్నాం కానీ నాకు అది మంచి ట్యూషన్ మాస్టారి నోట్సును ఇంటర్నెట్ ఎక్కించినట్టే అనిపిస్తుంది. అందులో చిన్నతనమేమీ లేదు. ఆ నోట్సే ఆయన్ని 2024 ఎన్నికల్లో అత్యంత ధనిక అభ్యర్థిని చేసింది. అఫిడవిట్‌లో చూపిన ఆస్తి రూ.5,700 కోట్ల పైచిలుకు. మెజారిటీ 3.44 లక్షలు దాటింది. అయితే ఇది ఒక్కరోజులో వచ్చిన అవకాశం కాదు. 2014లోనే నరసరావుపేట టికెట్ ఆశించారు. అది రాయపాటి సాంబశివరావుకు వెళ్లింది. పదేళ్లు ఆగారు.

తెలుగు రాష్ట్రాల ఐటీ మంత్రుల్లో కూడా విదేశీ చదువులవాళ్లున్నారు. కేటీఆర్ రాజకీయాల్లోకి రాకముందు అమెరికా కంపెనీలో పనిచేశారు. లోకేశ్ కార్నెగీ మెలన్‌లో, స్టాన్‌ఫర్డ్‌లో చదివారు. కానీ వాళ్లిద్దరూ రాజకీయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. ఆ అండ లేనివాడికి దారి ఎలా ఉంటుందన్నదే మన ప్రశ్న కాబట్టి వాళ్లను పక్కన పెడుతున్నాను.

కంప్యూటర్ సైన్స్ చదివి, కంపెనీ పెట్టి, ఆ తర్వాత సాంకేతిక శాఖకు మంత్రి అయినవాళ్లలో మన దేశంలో నేరుగా సరిపోయే పేరు రాజీవ్ చంద్రశేఖర్. పేరులో చంద్రశేఖర్ ఉందని ఇద్దరినీ కలిపేసేవాళ్లున్నారు. ఈయన మలయాళీ. మణిపాల్‌లో ఇంజనీరింగ్, షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్. తర్వాత ఇంటెల్‌లో 486 ప్రాసెసర్ మీద పనిచేసిన బృందంలో ఉన్నారు. ఇండియాకు తిరిగొచ్చి 1994లో బీపీఎల్ మొబైల్ మొదలుపెట్టారు. 2005లో అందులో వాటాను ఎస్సార్‌కు అమ్మి, మరుసటి ఏడాది కర్ణాటక నుంచి రాజ్యసభకు వెళ్లారు. 2021 జులైలో ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సహాయ మంత్రి అయ్యారు. చిప్ డిజైన్ తెలిసిన మనిషికి చిప్‌ల శాఖ దక్కడం మన దేశంలో అరుదు.

ఏం జరిగిందో చూడండి. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆయన పార్లమెంటులోనూ బయటా దాని కోసం చాలా తిరిగారు. కానీ చట్టాన్ని నడిపించే నియమాలు నోటిఫై అయ్యింది 2025 నవంబరులో. అప్పటికి ఆయన మంత్రి కాదు, ఎంపీ కూడా కాదు. 2024లో తిరువనంతపురంలో శశి థరూర్ చేతిలో 16 వేల చిల్లర ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇంకొకటి. 2024 మార్చి 1న ఐటీ శాఖ కృత్రిమ మేధ మీద ఒక సలహాపత్రం విడుదల చేసింది. పూర్తిగా పరీక్షించని ఏఐ మోడళ్లను జనంలోకి వదిలే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. స్టార్టప్‌లు గగ్గోలు పెట్టాయి. ఇది పెద్ద ప్లాట్‌ఫాంలకే, స్టార్టప్‌లకు కాదని మంత్రి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మార్చి 15న ఆ అనుమతి నిబంధన తీసేసి కొత్త పత్రం ఇచ్చారు. కంప్యూటర్లు తెలిసిన మంత్రి ఉన్న శాఖలోనే ఇది జరిగింది.

పెమ్మసాని ఉన్న టెలికం శాఖకూ ఇలాంటి అనుభవమే ఉంది. 2025 నవంబరు చివర్లో ప్రతి కొత్త ఫోన్‌లో సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని తయారీదారులకు శాఖ ఆదేశమిచ్చింది. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయడానికీ, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవడానికీ ఆ యాప్ పనికొస్తుంది. నేను ఇండియా వెళ్లినప్పుడు వాడాను, బాగానే ఉంది. కానీ తప్పనిసరి అనేసరికి నిఘా భయం లేచింది. డిసెంబరు 3న ఆదేశం వెనక్కి తీసుకున్నారు.

ఈ రెండు సంఘటనలూ చదివినప్పుడు నాకు రింగాస్కిడీలో నా ఉద్యోగం గుర్తొచ్చింది. తెలియనివాళ్ల కోసం: ఇది కార్క్ హార్బర్ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఫ్రాన్స్ వెళ్లే ఓడలు ఎక్కేది ఇక్కడే. ఫైజర్ 1969లో వచ్చింది మొదలు ఊరి చుట్టూ మందుల ఫ్యాక్టరీలు పెరిగాయి. మనవాళ్లు ఇక్కడికొచ్చేది ఎక్కువగా ఆ ఫ్యాక్టరీల్లో ప్రాసెస్, ఆటోమేషన్, వ్యాలిడేషన్ పనులకే. నాదీ ఆటోమేషనే. మందుల ఫ్యాక్టరీలో ఒక వాల్వ్ తెరుచుకునే సమయాన్ని రెండు సెకన్లు మార్చాలన్నా కోడ్ రాయడానికి పది నిమిషాలు చాలు, దాన్ని ప్లాంటులోకి పంపడానికి వారాలు పడుతుంది. ఎందుకు మారుస్తున్నావో రాయాలి, ఏది చెడిపోవచ్చో రాయాలి, క్వాలిటీవాళ్లు సంతకం పెట్టాలి, పరీక్షించి ఆ కాగితాలు దాచాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి నేరుగా వచ్చిన కుర్రాళ్లు మొదటి ఆరునెలలు దీనికి విసుక్కుంటారు. తర్వాత వాళ్లే ఇంకొకరి ఫైలు వెనక్కి పంపుతుంటారు.

మంత్రిత్వ శాఖ కంపెనీలా ఉండదు, ఈ ప్లాంటులా ఉంటుంది. అక్కడ కోడ్ రాసే నేర్పు కంటే ఎవరి సంతకం ఎక్కడ కావాలో తెలియడం ముఖ్యం. సంతకం లేకుండా వదిలింది పదిహేను రోజుల్లో వెనక్కి వస్తుంది.

అయితే తెలిసినవాడు ఉండడం వల్ల ఒరిగేది ఏమీ లేదా? ఉంది. తైవాన్‌లో ఆడ్రీ టాంగ్ ఉదాహరణ చూడాలి. బడి మధ్యలో వదిలేసి, పర్ల్ భాషలో ప్రోగ్రాములు రాసి, కంపెనీలు నడిపిన మనిషి. 2016లో శాఖ లేని మంత్రిగా వచ్చి, 2022 నుంచి 2024 వరకు డిజిటల్ వ్యవహారాల మంత్రిగా ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో మాస్కుల కొరత వచ్చినప్పుడు ప్రభుత్వం సొంతంగా యాప్ కట్టే పని పెట్టుకోలేదు. ఏ మందుల షాపులో ఎన్ని మాస్కులున్నాయన్న లెక్కను ఎప్పటికప్పుడు అందరికీ తెరిచి పెట్టింది. బయటి ప్రోగ్రామర్లు మ్యాపులు తయారుచేశారు. ఇది ప్రోగ్రామర్‌కు తట్టే ఆలోచన. యాప్ కావాలని టెండరు పిలిచేవాడికి తట్టదు. కొత్త అధికారం ఏదీ అవసరం లేకుండా, ఉన్న లెక్కనే బయటపెట్టడం వల్ల సంతకాల బాధ కూడా తగ్గింది.

మన టెలికం శాఖలో ఆ తరహా పని ఏదైనా ఉందా అంటే నేను రెండు చెబుతాను. ఒకటి బీఎస్ఎన్ఎల్ 4జీ. కోర్ నెట్‌వర్క్ సీ-డాట్‌ది, రేడియో పరికరాలు తేజస్‌వి, కూర్చి కట్టింది టీసీఎస్. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో 97,500 టవర్లకు పైగా ప్రధాని ప్రారంభించారు. ఇతర కంపెనీలు 5జీ అమ్ముతున్న రోజుల్లో 4జీ రావడం ఆలస్యమే, అందులో వాదన లేదు. కానీ పరికరాలు బయట కొనకుండా కట్టుకున్నారు. దీనికి పునాది వేసిన ప్యాకేజీలు 2019 నుంచి వచ్చినవి, అంటే ఇప్పటి మంత్రులు ఎవరూ మొదలుపెట్టింది కాదు.

రెండోది మన ఇళ్లకు సూటిగా తగిలేది. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు +91తో మొదలయ్యే నంబరు నుంచి కాల్ వస్తుంది, తీరా అది విదేశం నుంచి వేసిన దొంగ కాల్. ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, మీ సిమ్ ఆపేస్తున్నాం అంటారు, కస్టమ్స్ అంటారు, డిజిటల్ అరెస్టు అంటారు. బయటి నుంచి వస్తూ ఇండియా నంబరు తొడుక్కున్న అలాంటి కాల్స్‌ను దేశంలోకి అడుగుపెట్టే గేటు దగ్గరే ఆపే వ్యవస్థను 2024 అక్టోబరు 22న మొదలుపెట్టారు. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆపామని శాఖ ప్రకటించింది. ఆ తర్వాత దొంగలు మానేశారని కాదు, విదేశీ నంబర్లతోనే వాట్సాప్‌లో చేస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్క మాట చెప్పి ఉంచండి: మనం +353 నుంచి తప్ప చేయం, డబ్బు సంగతి మాట్లాడితే ఫోన్ పెట్టేసి మనకే తిరిగి చేయాలి.

మరి మన ఓటీపీ బాధ? ఐర్లాండ్‌లో ఉంటూ ఇండియా బ్యాంకు కోసం పాత సిమ్‌ను రోమింగ్‌లో బతికించుకుంటున్న ఇళ్లు చాలా ఉన్నాయి. 2023 జనవరిలో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చని ఎన్‌పీసీఐ పది దేశాలకు అనుమతిచ్చింది. అమెరికా, యూకే, ఖతర్, ఒమన్ ఉన్నాయి. ఐర్లాండ్ లేదు. ఇది పెమ్మసాని చేతిలో పని అనుకుని ఆయనకు ట్వీట్ పెట్టేవాళ్లను చూశాను. కాదు. యూపీఐ జాబితా ఎన్‌పీసీఐది, ఓటీపీ నియమం రిజర్వు బ్యాంకుది, సిమ్ ఎన్నాళ్లు బతకాలన్నది ట్రాయ్, టెలికం శాఖల పరిధి. ఎస్ఎమ్ఎస్ ఓటీపీ ఒక్కటే కాకుండా ఇతర పద్ధతులకూ చోటిస్తూ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది, అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. మీ బ్యాంకు ఏ పద్ధతి ఇస్తుందో శాఖ మేనేజరును అడగండి, మంత్రిని కాదు. డేటా చట్టం, ఏఐ అయితే అది ఐటీ శాఖ, అక్కడ కేబినెట్ మంత్రి అశ్వినీ వైష్ణవ్. టెలికం కేబినెట్ మంత్రి జ్యోతిరాదిత్య సింధియా. సహాయ మంత్రికి ఆయన అప్పగించిన పనే ఉంటుంది. దీన్ని తెలుగు చానళ్లు ఎప్పుడూ చెప్పవు.

వ్యాపారం సంగతి కూడా చాలామంది అడుగుతారు. కేంద్ర మంత్రుల ప్రవర్తనా నియమావళి ప్రకారం పదవి తీసుకునే ముందు కంపెనీ నిర్వహణ నుంచి పూర్తిగా తప్పుకోవాలి. వాటాలు అమ్ముకోవాలన్న షరతు మాత్రం సాధారణంగా ఉండదు. నా దృష్టిలో ఇది సగం కంచె. వైద్య పరీక్షల కంపెనీకీ టెలికం శాఖకూ నేరుగా పొంతన లేదు కాబట్టి పెమ్మసాని విషయంలో ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. రేపు ఒక ఫిన్‌టెక్ వ్యవస్థాపకుడు ఐటీ శాఖకు వస్తే ఆ సగం సరిపోదు.

ఇక పాస్‌పోర్టు సంగతి. లోక్‌సభకైనా రాజ్యసభకైనా రాజ్యాంగంలోని 84వ అధికరణం పెట్టే మొదటి షరతు భారత పౌరసత్వం. లోక్‌సభకు 25 ఏళ్లు, రాజ్యసభకు 30 ఏళ్లు నిండాలి. సభ్యుడు కాకుండా మంత్రి అయినా ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి. ఎన్నేళ్లు విదేశంలో ఉన్నా అడ్డు కాదు. పెమ్మసాని రెండు దశాబ్దాల అమెరికా జీవితం తర్వాత కూడా నామినేషన్ వేయగలిగారంటే కారణం ఒక్కటే, ఆయన భారత పౌరుడు. పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మనంతట మనం ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే ఆ రోజే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డులో పౌరసత్వం అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు. దానితో ఓటు లేదు, పోటీ లేదు.

ఐర్లాండ్ వైపు నుంచి ఇలాంటి పేచీ లేదు. గత తొమ్మిదేళ్లలో లెక్కకొచ్చే ఐదేళ్ల నివాసం, అందులో చివరి ఏడాది ఎడతెగకుండా ఉంటే దరఖాస్తు పెట్టవచ్చు. ఫీజు 175 యూరోలు, మంజూరైతే సర్టిఫికెట్‌కు మరో 950. ద్వంద్వ పౌరసత్వం ఐర్లాండ్ ఒప్పుకుంటుంది, ఇండియా ఒప్పుకోదు. భార్యాభర్తల్లో ఒకరు ఐరిష్ తీసుకుని, ఒకరు భారత పాస్‌పోర్టు ఉంచుకునే ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. కారణం రాజకీయం కాదు, ఎక్కువగా పొలం. ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు కదా. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు.

పిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. పుట్టే ముందు నాలుగేళ్లలో తల్లిదండ్రుల్లో ఒకరికి మూడేళ్ల లెక్కకొచ్చే నివాసం ఉంటే, ఇక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే ఐరిష్. అదే బిడ్డను భారత పౌరుడిగా నమోదు చేయాలంటే ఏడాదిలోపు రాయబార కార్యాలయంలో చేయాలి, వేరే దేశ పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. సెలవులకు ఇండియా వెళ్లాలన్న తొందరలో ఐరిష్ పాస్‌పోర్టు తీసుకుంటే ఆ రెండో దారి మూసుకున్నట్టే. ఎక్కువమందికి దానివల్ల నష్టమేమీ ఉండదు. తెలిసి చేయడం వేరు.

మూసిన తలుపుకు గడియ ఒకటుంది. ఓసీఐగా నమోదై ఐదేళ్లయి, ఇండియాలో పన్నెండు నెలలు నివసిస్తే తిరిగి భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. అప్పుడు ఐరిష్ వదులుకోవాలి. ఇది కాగితం మీద మాట కాదని చెప్పడానికి సామ్ పిట్రోడా ఉన్నారు. ఒడిశాలోని టిట్లాగఢ్‌లో పుట్టి, అమెరికాలో టెలికం ఇంజనీరుగా, వ్యాపారవేత్తగా స్థిరపడి, అక్కడి పౌరసత్వం కూడా తీసుకున్నారు. 1984లో సీ-డాట్ మొదలైన రోజుల్లో ప్రభుత్వంలో పనిచేయడానికి దాన్ని వదులుకుని మళ్లీ భారత పౌరుడయ్యారు. ఊరూరా పసుపు రంగు ఎస్‌టీడీ బోర్డులు రావడంలో ఆయన పాత్ర ఎంతో మనకు తెలుసు. ఆయన మంత్రి కాలేదు, ప్రధానికి సలహాదారుగా ఉన్నారు. నలభై ఏళ్ల తర్వాత బీఎస్ఎన్ఎల్ 4జీకి కోర్ ఇచ్చింది ఆ సీ-డాటే.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఓటు ఇప్పుడూ ఉంది. ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులో ఉన్న చిరునామా నియోజకవర్గంలో ప్రవాస ఓటరుగా నమోదు చేస్తారు. కాకపోతే ఓటు వేయడానికి ఆ పోలింగ్ బూత్‌కు మనమే వెళ్లాలి, పోస్టులో పంపే వీలు లేదు.

ఇక్కడైతే అంత దూరం అక్కర్లేదు. డాయిల్‌కు పోటీ చేయడానికి ఐరిష్ పౌరసత్వం కావాలి కానీ స్థానిక కౌన్సిళ్లకు అక్కర్లేదు. స్టాంప్ 1 మీద ఉన్నా, 18 ఏళ్లు నిండి ఇక్కడ నివసిస్తుంటే ఓటూ వేయొచ్చు, నిలబడనూ వచ్చు. కేరళ నుంచి నర్సుగా, కేర్ ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు దీన్ని మనకంటే ముందే పట్టుకున్నాయి. 2024 జూన్‌లో సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్ మేయరైన బేబీ పెరెప్పాడన్ మలయాళీయే. రింగాస్కిడీ కార్క్ కౌంటీ కౌన్సిల్ కిందికి వస్తుంది. మన రోడ్డు, ఫుట్‌పాత్, ప్లానింగ్ అనుమతుల మీద మాట్లాడేది ఆ కౌన్సిలర్లే. తర్వాతి స్థానిక ఎన్నికలు 2029లో. పేరు నమోదుకు పీపీఎస్ నంబరు, పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ చాలు, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని.